పాత ల్యాప్‌టాప్‌కు ఏ లైనక్స్ సరిపోతుంది?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ మాస్టారు అడిగినప్పుడు మొదట హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాం. మొన్న సెలవులకు అమలాపురం వచ్చినప్పుడు జరిగిన ఒక సంగతితో ఆ ఆలోచన మానుకున్నాం. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక తమ్ముడు ల్యాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టి పట్టుకొచ్చాడు. "అన్నా, ఇది ఆన్ అవడానికే పావుగంట పడుతోంది. షాపులో చూపిస్తే పాత సామాన్లవాడికి వేసెయ్యమన్నారు. నాన్నకి ఎలా చెప్పాలో తెలియట్లేదు" అన్నాడు.

ఆ మాట మాకు కొత్త కాదు. మేము డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా నాన్న 6,500 రూపాయలు పెట్టి ఒక సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనిచ్చారు. నాన్నది అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి ఒలుపు పని. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు కాబట్టి ఏ ల్యాప్‌టాప్ కొనాలో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఆరు వేల అయిదు వందలు రావాలంటే గునపం మీద ఎన్ని కాయలు ఒలవాలో మాత్రం తెలుసు. ఆ ల్యాప్‌టాప్ నాలుగు నెలలకే మొరాయించింది. ప్రాజెక్టు రిపోర్టు టైపు చేస్తుంటే మౌసు బాణం తెర మధ్యలో ఆగిపోయేది. మాకూ ఒక షాపులో "పారెయ్" అనే చెప్పారు.

మేము పారెయ్యలేదు. ఈ వ్యాసం ఆ ల్యాప్‌టాప్ మీదే టైపు చేశాం. దాన్ని బతికించింది లైనక్స్. అయితే మొదటిసారే సరైన లైనక్స్ దొరకలేదు, రెండుసార్లు తప్పు చేశాం. ఆ తప్పులు మీరు చేయకూడదనే ఇది రాస్తున్నాం.

ల్యాప్‌టాప్ ఎందుకు నెమ్మదిస్తుంది?

ముందు ఒక అపోహ పోగొట్టుకుందాం. మనిషి ముసలివాడైనట్టు ప్రాసెసర్ ముసలిదైపోదు. ఫ్యాను, హీట్‌సింక్ దుమ్ముతో మూసుకుపోయి వేడెక్కితే తప్ప, కొన్న రోజు సెకనుకు ఎన్ని లెక్కలు చేసేదో ఈ రోజూ దాదాపు అన్నే చేస్తుంది. మారింది దాని మీద మనం పెట్టే బరువు. పదేళ్ల నాటి సాఫ్ట్‌వేరుకు సరిపోయిన మెమరీ ఈ నాటి సాఫ్ట్‌వేరుకు చాలదు.

ఇది మన హాస్టల్ గదితోనే అర్థం చేసుకోవచ్చు. చదువుకునేటప్పుడు ముందు పెట్టుకునే పలక బల్ల ర్యామ్ అనుకోండి. మంచం కింద ఉండే ట్రంకు పెట్టె హార్డ్‌డిస్క్. బల్ల మీద ఉన్న పుస్తకం వెంటనే అందుతుంది. బల్ల నిండిపోతే ఒక పుస్తకం తీసి పెట్టెలో పెట్టి, ఇంకొకటి తెచ్చుకోవాలి. అలా ప్రతి నిమిషానికీ వంగి, తాళం తీసి, పుస్తకం మార్చుకుంటూ ఉంటే చదువు ఏం సాగుతుంది? కంప్యూటర్‌లోనూ ర్యామ్ చాలనప్పుడు ఇదే జరుగుతుంది. దీన్ని స్వాపింగ్ అంటారు. తిరిగే పళ్లెం ఉన్న పాత హార్డ్‌డిస్క్ ర్యామ్‌తో పోలిస్తే వేల రెట్లు నెమ్మది. మనం "హ్యాంగ్ అయింది" అనుకునే సమయంలో చాలాసార్లు అది పెట్టె తీసి మూస్తూ ఉంటుంది.

కాబట్టి మన ముందున్న దారులు రెండే. బల్లను పెద్దది చేయడం, లేదా బల్ల మీద బరువు తగ్గించడం. మొదటిదానికి డబ్బు కావాలి. రెండోదానికి తేలికపాటి లైనక్స్ చాలు.

లైనక్స్ అంటే ఏమిటి?

కంప్యూటర్‌లోని ప్రాసెసర్, మెమరీ, డిస్క్, కీబోర్డు వంటి భాగాలన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రామును కెర్నల్ అంటారు. లైనక్స్ అటువంటి ఒక కెర్నల్. ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో దీన్ని రాయడం మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయసు 21. వాయిదాల మీద కొనుక్కున్న ఒక 386 కంప్యూటరే ఆయన పనిముట్టు. ఈ రోజు మన చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్నదీ లైనక్స్ కెర్నలే. అంటే మీరందరూ ఇప్పటికే లైనక్స్ వాడుతున్నవాళ్లే.

కెర్నల్ ఒక్కటే ఉంటే పని జరగదు. దానికి మెనూలు, కిటికీలు, ఫైళ్లు చూసే ప్రోగ్రాము, బ్రౌజర్ వంటివన్నీ చేర్చి ఒక మూటగా ఇస్తారు. ఆ మూటను డిస్ట్రిబ్యూషన్ అని, వాడుకలో డిస్ట్రో అని అంటారు. డెబియన్, ఉబుంటు, మింట్, పప్పీ వంటివన్నీ డిస్ట్రోలు. లారీకీ బస్సుకీ ఒకే ఇంజను పెట్టి, పైన బాడీ వేరుగా కట్టినట్టు, అన్నిటి లోపలా ఉన్నది ఆ కెర్నలే.

ఇక్కడే అసలు రహస్యం ఉంది. తేలిక, బరువు అనే తేడా ఎక్కువగా పై బాడీలో, అంటే డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్‌లో ఉంటుంది. గ్నోమ్ డెస్క్‌టాప్ అందంగా ఉంటుంది, కానీ బరువు. ఎక్స్‌ఎఫ్‌సీఈ మధ్యరకం. ఎల్‌ఎక్స్‌క్యూటీ ఇంకా తేలిక. ఐస్‌డబ్ల్యూఎం, జేడబ్ల్యూఎం వంటివి అన్నిటికన్నా తేలిక, కానీ అందులో చాలా పనులు మనమే అమర్చుకోవాలి.

మేము చేసిన రెండు తప్పులు

మొదటి తప్పు, పేరు చూసి ఎంచుకోవడం. అందరూ ఉబుంటు ఉబుంటు అంటున్నారని మామూలు ఉబుంటు తెచ్చి వేసేశాం. 2017 నుంచి ఉబుంటు ప్రధాన డెస్క్‌టాప్ గ్నోమ్. మా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 2 జీబీ ర్యామ్. ఇంకేముంది, విండోస్ ఉన్నప్పటికన్నా నెమ్మదిగా నడిచింది. లైనక్స్ అంటేనే వేగం అనుకున్నవాళ్లం తెల్లబోయాం.

రెండో తప్పు, దానికి పూర్తిగా అవతలి వైపు పోవడం. ఈసారి "అన్నిటికన్నా చిన్నది ఏది?" అని వెతికి టైనీ కోర్ వేశాం. దాని మొత్తం పరిమాణం కొన్ని పదుల ఎంబీలే. కళ్లు మూసి తెరిచేలోపు ఆన్ అయింది. కానీ తెర మీద దాదాపు ఏమీ లేదు! వైఫై రాలేదు, తెలుగు అక్షరాలు కనబడలేదు, రిపోర్టు టైపు చేయడానికి ఏమీ లేదు. ప్రతిదీ మేమే వెతికి తెచ్చుకుని పెట్టుకోవాలి. నేర్చుకోవాలనే సరదా ఉన్నవాళ్లకు అది మంచి బడి. వారంలో ప్రాజెక్టు ఇవ్వాల్సిన మాలాంటివాళ్లకు కాదు.

మూడోసారి తెలివి వచ్చింది. మనం అడగాల్సిన ప్రశ్న "ఏది మంచి లైనక్స్?" కాదు, "ఏది తేలికైన లైనక్స్?" కూడా కాదు. "ఈ ల్యాప్‌టాప్‌కు, నా పనికి ఏది సరిపోతుంది?" అన్నదే ప్రశ్న. మంచం ఉన్నంత వరకే కాళ్లు చాపుకోవాలని మన పెద్దలు ఊరికే అనలేదు. అలాగని మంచం ఉండగా ముడుచుకుని పడుకోనూ అక్కర్లేదు.

ముందు తెలుసుకోవలసిన మూడు విషయాలు

ఏ డిస్ట్రో అయినా దింపుకునే ముందు ఒక కాగితం మీద ఈ మూడు రాసుకోండి.

1. ప్రాసెసర్ 32 బిట్టా, 64 బిట్టా?

ఇది అన్నిటికన్నా ముఖ్యం. 2006లో వచ్చిన కోర్ 2 డ్యుయో, ఆ తరువాత వచ్చిన ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు దాదాపు అన్నీ 64 బిట్. పెంటియం ఎం, మొదటి కోర్ డ్యుయో, చిన్న నెట్‌బుక్‌లలో వచ్చిన ఆటమ్ ఎన్270 వంటివి 32 బిట్. ఇక్కడ ఒక మోసం ఉంది. 64 బిట్ ప్రాసెసర్ మీద 32 బిట్ విండోస్ వేసి అమ్మిన ల్యాప్‌టాప్‌లు బోలెడు. కాబట్టి విండోస్ 32 బిట్ అని చూపిస్తే నిరాశపడకండి. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో ప్రాసెసర్ పేరు, నంబరు రాసుకుని, ఆ నంబరు ఏ రకమో కంపెనీ వెబ్‌సైట్‌లో చూడండి.

ఇది ఎందుకు ముఖ్యమంటే 32 బిట్ యంత్రాలకు తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోతున్నాయి. లైనక్స్‌లో 32 బిట్ క్రోమ్ 2016లో ఆగిపోయింది. ఉబుంటు 2017లో 32 బిట్ డెస్క్‌టాప్ సీడీలు ఇవ్వడం మానేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు. ఫైర్‌ఫాక్స్ కూడా 2025 నవంబరులో వచ్చిన 145వ వెర్షన్ నుంచి 32 బిట్ లైనక్స్‌ను వదిలేసింది. కాబట్టి ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఎంత చవకగా వచ్చినా 32 బిట్ ల్యాప్‌టాప్ కొనవద్దు. ఇప్పటికే ఇంట్లో ఉంటే టైపింగ్ నేర్చుకోవడానికి, పుస్తకాలు చదువుకోవడానికి, సి ప్రోగ్రాములు రాసుకోవడానికి వాడుకోవచ్చు.

2. ర్యామ్ ఎంత?

అదే ప్రాపర్టీస్‌లో కనబడుతుంది. దానితోపాటు ర్యామ్ రకం కూడా తెలుసుకోండి. డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4 ఒకదాని గాడిలో ఇంకొకటి పట్టవు. తరువాత ర్యామ్ పెంచాలనుకుంటే ఈ వివరం లేకుండా షాపుకు వెళ్లవద్దు.

3. హార్డ్‌డిస్కా, ఎస్‌ఎస్‌డీయా?

ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెం ఉండదు. ట్రంకు పెట్టెకు తాళం తీసేసి మంచం పక్కనే అలమరలా నిలబెట్టినట్టు ఉంటుంది. మీ దగ్గర కొంచెం డబ్బు ఉండి, ఒక్కటే మార్చగలిగితే, ముందు 120 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించండి. ఏ తేలికపాటి లైనక్స్ కన్నా ఎక్కువ తేడా దానితోనే కనబడుతుంది. మేము పండగకు బట్టలు కొనుక్కోకుండా ఆ డబ్బుతో ఎస్‌ఎస్‌డీ వేయించాం. మూడు నిమిషాలు పట్టే బూటింగ్ అర నిమిషంలోపుకు వచ్చింది.

ఏ ల్యాప్‌టాప్‌కు ఏది?

ఇప్పుడు ఆ కాగితం చూసుకుంటూ ఎంచుకోండి.

ర్యామ్ 4 జీబీ లేదా ఎక్కువ, 64 బిట్ అయితే: లైనక్స్ మింట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్. దీనికి కనీసం 2 జీబీ, హాయిగా నడవడానికి 4 జీబీ కావాలని తయారుచేసినవాళ్లే చెబుతున్నారు. కింద మెనూ, పక్కన గడియారం, అంతా విండోస్ 7 వాడినవాళ్లకు అలవాటైనట్టే ఉంటుంది. మింట్ 22 వరుసకు 2029 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. కొత్తవాళ్లు ఇంకేమీ ఆలోచించకుండా దీనితో మొదలుపెట్టవచ్చు.

ర్యామ్ 2 జీబీ, 64 బిట్ అయితే: లుబుంటు. ఇది ఉబుంటు కుటుంబంలోదే, కానీ గ్నోమ్ బదులు ఎల్‌ఎక్స్‌క్యూటీ డెస్క్‌టాప్ ఉంటుంది. ఉబుంటుకు దొరికే సాఫ్ట్‌వేరు అంతా దీనికీ దొరుకుతుంది. మా ల్యాప్‌టాప్ మీద మూడోసారి వేసినది ఇదే. ప్రాజెక్టు రిపోర్టు దీని మీదే పూర్తయింది. ఎల్‌ఎక్స్‌క్యూటీతో డెబియన్ కూడా మంచిదే, కానీ ఇన్‌స్టాలేషన్‌లో ప్రశ్నలు కొంచెం ఎక్కువ అడుగుతుంది.

ర్యామ్ 1 జీబీ లేదా అంతకన్నా తక్కువ, లేదా 32 బిట్ అయితే: యాంటీఎక్స్ లేదా పప్పీ. డెబియన్ 12 ఆధారంగా 2023లో వచ్చిన యాంటీఎక్స్ 23లో 32 బిట్ కూర్పు కూడా ఉంది. చూడటానికి సాదాగా ఉంటుంది. పప్పీ లైనక్స్‌ను 2003లో ఆస్ట్రేలియాకు చెందిన బారీ కౌలర్ మొదలుపెట్టారు. ఇది మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది. హార్డ్‌డిస్క్ పాడైపోయిన ల్యాప్‌టాప్‌ను కూడా పెన్‌డ్రైవ్‌తోనే నడిపించవచ్చు.

అసలు బరువు బ్రౌజర్‌ది

చాలామంది ఇక్కడ ఒక సంగతి మరిచిపోతారు. మీరు ఎంత తేలికైన లైనక్స్ వేసినా, ఆ పైన తెరిచే బ్రౌజర్ అదే ఫైర్‌ఫాక్స్, అదే క్రోమ్. ఖాళీగా ఉన్నప్పుడు యాంటీఎక్స్ రెండు మూడు వందల ఎంబీలతో సరిపెట్టుకోవచ్చు. కానీ బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబ్‌లు తెరిస్తే అవే ఒక జీబీ దాటేస్తాయి. పల్లకి తేలికే, లోపల కూర్చున్న పెళ్లికొడుకు బరువు!

అందుకని 2 జీబీ ల్యాప్‌టాప్ వాడేవాళ్లు ఈ అలవాట్లు చేసుకోవాలి. ఒకేసారి రెండు మూడు ట్యాబ్‌లకు మించి తెరవకండి. వీడియో పాఠాలు 480 దగ్గర పెట్టుకుని చూడండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపేటప్పుడు మిగతావన్నీ మూసేయండి. జడ్‌ర్యామ్ అనే సదుపాయం ఉంటే పెట్టుకోండి. అది ర్యామ్‌లో వాడకంలో లేని సమాచారాన్ని నొక్కి చిన్నది చేసి అక్కడే దాస్తుంది. సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు బట్టలు గట్టిగా చుట్టి చిన్న సంచిలో కుక్కినట్టన్నమాట.

వేసే ముందు రుచి చూడండి

లైనక్స్‌లో ఉన్న గొప్ప సౌకర్యం ఇది. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడవచ్చు. దీన్ని లైవ్ మోడ్ అంటారు.

డిస్ట్రో సొంత వెబ్‌సైట్ నుంచే ఐఎస్‌ఓ ఫైలు దింపుకోండి. మింట్ వంటివి దాదాపు 3 జీబీ ఉంటాయి కాబట్టి ఫోన్ డేటా చూసుకోండి. 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకుని, విండోస్‌లో రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాముతో ఆ ఫైలును అందులోకి ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ముందే కాపీ చేసుకోండి. తరువాత ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూనే బూట్ మెనూ తాళం నొక్కాలి. కంపెనీని బట్టి అది ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ వంటి వాటిలో ఒకటి. అక్కడ పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోండి.

లైవ్ మోడ్‌లో గంటసేపు వాడి ఇవి చూడండి: వైఫై వస్తోందా? సౌండు వినబడుతోందా? టచ్‌ప్యాడ్ పని చేస్తోందా? వెలుతురు తగ్గించే తాళాలు పని చేస్తున్నాయా? పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది కాబట్టి కొంచెం నెమ్మదిగా ఉండటం సహజం. బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉన్న కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో వైఫై వెంటనే రాదు. అప్పుడు ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకుంటే నెట్ వస్తుంది. దానితో డ్రైవర్ దింపుకోవచ్చు.

అంతా బాగుంటేనే ఇన్‌స్టాల్ చేయండి. ఆ దారిలో "డిస్క్ మొత్తం చెరిపివేయి" అనే ఒక వరుస వస్తుంది. తమ్ముళ్లూ, అక్కడ చేయి ఆపండి. మేము ఆపలేదు. రెండోసారి వేస్తున్నప్పుడు తొందరలో అదే నొక్కేశాం. ఆ డిస్క్‌లో అంతకుముందు సంక్రాంతికి తీసిన ఫొటోలు ఉన్నాయి. మా నానమ్మ ముగ్గు వేస్తూ తలెత్తి నవ్విన ఫొటో అందులోనే ఉండేది. మరుసటి ఏడాది సంక్రాంతికి నానమ్మ లేదు. ప్రాజెక్టు ఫైళ్లు పోతే మళ్లీ టైపు చేసుకోవచ్చు. కొన్ని పోతే మళ్లీ రావు. సర్టిఫికెట్ల స్కాన్ కాపీలు, ఫొటోలు, నోట్సు ముందుగా వేరే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, అవి ఇంకో కంప్యూటర్‌లో తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే ఆ బటన్ నొక్కండి.

తెలుగు సంగతి

ఇల్లు అలకగానే పండగ కాదు. లైనక్స్ వేశాక తెలుగు అమర్చుకోవాలి. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి విండోస్‌తో వచ్చే తెలుగు ఫాంటుకు గౌతమి అని పేరు. మన కోనసీమకు తూర్పున పారే గోదావరి పాయ పేరే అది. లైనక్స్‌లో లోహిత్ తెలుగు, నోటో, పోతన వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో తెలుగు ఫాంట్లు అని వెతికి పెట్టుకోవచ్చు.

టైపు చేయడానికి కీబోర్డు సెట్టింగ్స్‌లో భారతీయ భాషల కింద తెలుగును చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటు ఉన్నవాళ్లు ఐబస్ అనే ప్రోగ్రామును పెట్టుకోవచ్చు. ఇవన్నీ యూనికోడ్ పద్ధతిలో పని చేస్తాయి. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. లైనక్స్ పుట్టినదీ ఆ ఏడాదే. డీటీపీ సెంటర్లలో పాత పద్ధతి అను ఫాంట్లతో కొట్టిన ఫైళ్లు మాత్రం నేరుగా తెలుగులో కనబడవు, వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ అనే సంస్థ కార్యకర్తలు లైనక్స్ మెనూలను తెలుగులోకి తేవడానికి ఏళ్ల తరబడి కృషి చేశారు. మెనూలు తెలుగులో చూడాలనుకుంటే భాష సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు.

లైనక్స్‌లో కానివి

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ట్యాలీ, ఫొటోషాప్, పేజ్‌మేకర్ వంటివి నేరుగా లైనక్స్‌లో నడవవు. బీకాం చదువుతూ ట్యాలీ నేర్చుకుంటున్నవాళ్లు విండోస్ పూర్తిగా తీసేయవద్దు. డిస్క్‌లో చోటు ఉంటే రెండూ పక్కపక్కన పెట్టుకునే డ్యుయల్ బూట్ పద్ధతి ఉంది. ఇంటి దగ్గర నుంచి రాసే కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేరు విండోస్ మీదే నడుస్తుంది. పరీక్ష ముందు రోజు కాకుండా, ఫీజు కట్టేటప్పుడే ఆ నిబంధన చదవండి.

వర్డ్, ఎక్సెల్ బదులు లిబ్రె ఆఫీస్ ఉంటుంది. అది వర్డ్ ఫైళ్లు తెరుస్తుంది, కానీ అప్పుడప్పుడు పట్టికలు, పేజీ అంచులు కదిలిపోతాయి. కాబట్టి బయోడేటా, ప్రాజెక్టు రిపోర్టు ఎవరికి పంపినా పీడీఎఫ్ చేసి పంపండి. పైథాన్, సి, జావా నేర్చుకునేవాళ్లకైతే లైనక్స్ విండోస్ కన్నా అనుకూలం.

దొంగ కాపీ కాదు, మన హక్కు

మేము హాస్టల్‌లో ఉన్నప్పుడు ఒక విండోస్ పెన్‌డ్రైవ్ గది గదికీ తిరిగేది. అది దొంగ కాపీ అని అందరికీ తెలుసు. కొనే స్తోమత లేక వాడేవాళ్లం. అందులో వైరస్ ఉంటే అందరికీ పంచుకునేవాళ్లం కూడా! లైనక్స్ విషయంలో ఆ బెరుకు అక్కర్లేదు. దాన్ని వాడుకోవడానికి, కాపీ చేసి పది మందికి ఇవ్వడానికి, లోపల ఎలా ఉందో చూసి మార్చుకోవడానికి దాని లైసెన్సే మనకు హక్కు ఇస్తుంది. సాఫ్ట్‌వేరు అలా ఉండాలని రిచర్డ్ స్టాల్‌మన్ 1983లోనే గ్నూ అనే ప్రాజెక్టు ప్రకటించారు. కేరళలో 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం ఇప్పుడు కైట్ అనే ప్రభుత్వ సంస్థగా నడుస్తోంది. అక్కడి ప్రభుత్వ బడి పిల్లలు కంప్యూటర్ పాఠాలు లైనక్స్ మీదే నేర్చుకుంటున్నారు. పేదవాళ్ల కోసం పెట్టిన రెండో రకం సరుకు కాదది. తెలివైన ఎంపిక.

అన్నలకు ఒక మనవి

చివరగా ఉద్యోగాలు చేసుకుంటున్న అన్నలకు ఒక మాట. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపు 8వ తరం లేదా ఆ పై ప్రాసెసర్ కావాలి. అంటే 2017కు ముందు కొన్న ల్యాప్‌టాప్‌లు, ఏ జబ్బూ లేకపోయినా, మీ ఇళ్లలో బీరువా మీదకు చేరి ఉంటాయి. వాటిలో చాలా వరకు 64 బిట్, 4 జీబీ ర్యామ్ ఉన్నవే. పైన చెప్పిన మింట్‌కు సరిగ్గా సరిపోయేవి.

వచ్చే వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు అటువంటిది ఒకటి, చార్జరుతో సహా, తీసుకురండి. మీ ఫైళ్లు మీరు తీసేసుకుని ఇవ్వండి. లైనక్స్ వేసే పని మాది. అయిదు ల్యాప్‌టాప్‌లు వచ్చినా స్టడీ రూములో ఒక మూల మన తమ్ముళ్లు వంతులవారీగా ప్రాజెక్టులు చేసుకోవచ్చు, దరఖాస్తులు నింపుకోవచ్చు, నెట్ సెంటర్‌లో ఒక్కో ఫారానికి డబ్బు ఇచ్చే పని తప్పుతుంది.

ఆ తువ్వాలు తమ్ముడి సంగతి చెప్పనేలేదు కదూ! ప్రాసెసర్ నంబరు చూశాం. 64 బిట్. ర్యామ్ 2 జీబీ. వాళ్ల నాన్నగారు రాజోలు వైపు చేపల చెరువుల మీద పని చేసి కొన్నారట. ఆ సాయంత్రం సర్టిఫికెట్లు, ఫొటోలు అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీయించి, రెండుసార్లు చూసుకుని, లుబుంటు వేశాం. నిమిషంలో తెర వెలిగింది. అతను మొదట చేసిన పని వాళ్ల నాన్నగారికి ఫోన్. "పారెయ్యక్కర్లేదంట నాన్నా, పని చేస్తోంది" అన్నాడు.

మీ ల్యాప్‌టాప్‌నూ పాత సామాన్ల బండి ఎక్కించే ముందు ఆ మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి. అర్థం కాకపోతే సెలవుల్లో మమ్మల్ని అడగండి.

అందరూ బాగా చదువుకోవాలని, మన హాస్టల్ పేరు నిలబెట్టాలని కోరుకుంటూ,

మీ పూర్వ విద్యార్థి సోదరుడు